కొత్త టీవీ కొన్నా మూడు సమస్యల్లో ఒక్కటే తీరుతుంది

ప్రశ్న: సార్, మాది సిద్దిపేట దగ్గర ఒక ఊరు. నాలుగేళ్ళ క్రితం కొన్న 43 అంగుళాల స్మార్ట్ టీవీ ఉంది. మేడ మీద డిష్ కనెక్షన్. వానాకాలం మొదలైనప్పటి నుంచి బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోతోంది, మాట తెగి తెగి వస్తోంది. మొదట్లో వాన పడ్డప్పుడే ఇలా ఉండేది, ఇప్పుడు ఎండ కాస్తున్నా కొన్ని ఛానెళ్ళలో అంతే. ఇది ఇలా ఉండగానే పోయిన వారం టీవీ వేస్తే బొమ్మ ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. అప్పటి నుంచి తెర నల్లగానే ఉంది, శబ్దం మాత్రం వస్తోంది. మెకానిక్ వచ్చి ఐదు నిమిషాలు చూసి, ప్యానెల్ పోయింది, 16 వేలు అవుతుంది, దానికన్నా కొత్తది కొనుక్కోండి అన్నాడు. ఇవి కాక, మా మామయ్యగారికి సినిమాల్లో మాటలు అర్థం కావు. సౌండు 50 పెడితే మ్యూజిక్‌కి ఇల్లు అదిరిపోతుంది, పక్క గదిలో అమ్మాయి ఇంటర్ చదువుకుంటోంది. ఎలాగూ పోయింది కదా, పండక్కి 55 అంగుళాలది, దాంతో పాటు సౌండ్‌బార్ కూడా తీసేద్దాం అని మావారు అంటున్నారు. స్టెబిలైజర్ పెట్టకపోవడం వల్లే ఇదంతా అని మా మరిది అంటాడు. ఏం చేయమంటారు?

సమాధానం: ఇప్పుడప్పుడే టీవీ కొనకండమ్మా. మీ ఉత్తరంలో ఉన్నది ఒక సమస్య కాదు, మూడు. గళ్ళు పడటం మేడ మీది వ్యవహారం. తెర ఆరిపోవడం టీవీ లోపలిది. మాటలు తెలియకపోవడం సెట్టింగులది, కొంత సినిమా తీసేవాళ్ళది కూడా. 55 అంగుళాలది తెచ్చి గోడకు బిగించినా మొదటిదీ మూడోదీ అక్కడే ఉంటాయి. పైగా పెద్ద తెర మీద గళ్ళు ఇంకా పెద్దగా కనిపిస్తాయి. అందుకని మూడింటినీ విడదీసి చూద్దాం. తెర వెలగందే మిగతావి సరిగ్గా చూడలేం కాబట్టి ముందు దాని సంగతి.

మొదట ఒక చిన్న అనుమానం తీర్చుకోండి. చాలా టీవీల్లో పాటలు వినడానికి తెర ఆర్పేసి శబ్దం మాత్రం ఉంచే ఆప్షన్ ఒకటి, పవర్ సేవింగ్ మెనూలో ఉంటుంది. పిల్లలో పెద్దలో పొరపాటున నొక్కినా ఇలాగే అవుతుంది. రిమోట్‌లో ఏదో ఒక మీట నొక్కితే తెర వెలుగుతుంది. మీది క్షణం వెలిగి ఆరిపోతోందన్నారు కాబట్టి అది కాకపోవచ్చు. అయినా డబ్బు ఖర్చు లేని పని కదా. అలాగే ఒకసారి ప్లగ్గు పూర్తిగా పీకి, ఓ రెండు మూడు నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టండి. రిమోట్‌తో ఆపితే టీవీ పూర్తిగా ఆగదు, నిద్రలో ఉంటుంది అంతే.

ఆ తర్వాత రాత్రి పూట, గదిలో లైట్లన్నీ తీసేసి ఈ పరీక్ష చేయండి. టీవీ వేసి, శబ్దం వస్తోందని చూసుకుని, రిమోట్‌లో హోమ్ మీట నొక్కండి. ఇప్పుడు ఫోన్ టార్చి వెలిగించి గాజుకు బాగా దగ్గరగా, ఏటవాలుగా పట్టుకోండి. వెలుగు పడ్డ చోట కళ్ళు దగ్గర పెట్టి చూడండి. యాప్‌ల డబ్బాలో, అక్షరాలో, సీరియల్ నడుస్తుంటే మనుషుల మొహాలో మసక మసగ్గా కదులుతూ కనిపించాయా? కనిపిస్తే మీ ప్యానెల్ బతికే ఉంది. టార్చి ఒక్క చోటే పట్టుకోకుండా తెరంతా మెల్లగా తిప్పండి. ఒక మూల కనిపించక ఇంకో మూల కనిపించవచ్చు.

ఎందుకంటే మన ఇళ్ళలో ఎల్ఈడీ టీవీలనే వాటిలో చాలావరకు నిజానికి ఎల్‌సీడీ టీవీలే. బొమ్మ గీసేది ముందున్న పల్చని గాజు, దాన్నే ప్యానెల్ అంటారు. దానికి సొంత వెలుగు లేదు. వెనక పట్టీల మీద వరసగా చిన్న చిన్న ఎల్ఈడీ బల్బులుంటాయి, వాటి వెలుగు గాజులోంచి రావాలి. ఆ బల్బుల్ని పెళ్ళి పందిట్లో కట్టే సీరియల్ సెట్టులాగే ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. ఒక్కటి మాడిపోతే కరెంటు ఇచ్చే సర్క్యూట్ తేడా పసిగట్టి మొత్తం ఆపేస్తుంది. టీవీ వేయగానే ఒక్క క్షణం వెలిగి ఆరిపోవడం చాలాసార్లు ఈ కథే. మీరు రాసిన లక్షణం అచ్చం ఇదే కాబట్టి నా అనుమానమంతా బ్యాక్‌లైట్ మీదే, అంటే వెనకున్న ఈ బల్బుల మీదే.

అలాగని మీ మెకానిక్‌ది మోసమని తేల్చేయకండి. ఈ వృత్తిలో తెర వెలగకపోతే చాలు 'ప్యానెల్ పోయింది' అనేయడం ఒక వాడుక అయిపోయింది. కొందరికి పట్టీలు మార్చే పని రాదు, కొందరికి గాజు విప్పాలంటే భయం. కంపెనీ సర్వీసు వాళ్ళు కూడా తరచు పట్టీల జోలికి పోకుండా ప్యానెల్ మొత్తం మార్చాలనే చెబుతారు. పట్టీల సెట్టుకీ ప్యానెల్‌కీ ధరలో ఎక్కడా పొంతన ఉండదు. కాబట్టి ఇంకొక మెకానిక్‌ని పిలవండి. ఫోన్లోనే అడగండి: 'టార్చి వేస్తే బొమ్మ కనిపిస్తోంది, బ్యాక్‌లైట్ స్ట్రిప్పులు మారుస్తారా?' ఈ మాట వినగానే పని తెలిసినవాడెవరో తేలిపోతుంది. టీవీ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది, దాన్ని ఫొటో తీసి పంపండి. పట్టీలు ఆ నంబరును బట్టే వస్తాయి. సిద్దిపేటలో దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ నుంచి తెప్పించమనండి, ఇలాంటి విడిభాగాలకు అది పేరున్న చోటు.

పని ఒప్పుకునే ముందు రెండు మాటలు ఖరారు చేసుకోవాలి. మాడిన ఒక్క పట్టీ కాదు, మొత్తం సెట్టు మార్చాలి. మిగతావీ అదే వయసువి, అంతే వేడి తిన్నవి. ఒకటి మార్చి పంపిస్తే కొన్ని నెలలకు పక్కది పోతుంది, విప్పిన కూలీ మళ్ళీ మీరే ఇవ్వాలి. రెండోది, గాజు సంగతి. పట్టీల దాకా పోవాలంటే ముందున్న ప్యానెల్‌ని పైకెత్తి పక్కన పెట్టాలి. 43 అంగుళాల గాజును ఒక్కడే ఎత్తితే మెలిక పడి చిట్లుతుంది, ఇద్దరు పట్టుకోవాలి. చిట్లితే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. పగిలితే ఎవరి బాధ్యత అన్నది విప్పకముందే మాట్లాడుకోండి. మీ హాల్లో ఫ్యాను కింద, నేల మీద పరిచి విప్పుతానంటే వద్దనండి, షాపుకే తీసుకెళ్ళమనండి. లోపలి తెల్లటి షీట్ల మీద దుమ్ము పడ్డా, వేలిముద్రలు పడ్డా, తర్వాత బొమ్మ వెనక మచ్చలుగా కనిపిస్తాయి.

డబ్బు చేతిలో పెట్టేముందు యూట్యూబ్‌లో ఖాళీ తెల్ల తెర వీడియో ఒకటి వేయించి చూడండి. తెరంతా ఒకే రకంగా తెల్లగా ఉండాలి. ఎక్కడైనా గుండ్రంగా, కొట్టొచ్చినట్టు వెలిగే చుక్క ఉంటే ఆ బల్బు మీది చిన్న ప్లాస్టిక్ లెన్స్ ఊడిపోయిందన్నమాట. ఒక మూల నీలంగా, ఒక మూల పచ్చగా ఉంటే పట్టీలు సరిపోలేదు. అప్పుడే చెప్పి సరి చేయించుకోవాలి. రెండు రోజుల తర్వాత వెళితే 'మొన్న బాగానే ఉంది కదమ్మా' అంటారు.

బాగై ఇంటికొచ్చాక పిక్చర్ మోడ్ 'వివిడ్'లో ఉంటే మార్చి 'స్టాండర్డ్'లోనో 'సినిమా'లోనో పెట్టండి. వివిడ్ అనేది షోరూములో పది టీవీల మధ్య మన టీవీయే కళ్ళకు కొట్టాలని పెట్టే మోడు. అందులో బ్యాక్‌లైట్ దాదాపు నూటికి నూరు మీద నడుస్తుంది. ఆ వేడికే బల్బులు త్వరగా పోయేది. బ్యాక్‌లైట్ 50, 60 మధ్య పెడితే ఇంట్లో చూడటానికి హాయిగా ఉంటుంది, పట్టీలు ఎక్కువ కాలం వస్తాయి. మొదటి రెండు రోజులు వెలిసిపోయినట్టు అనిపిస్తుంది, తర్వాత కంటికి అదే అలవాటవుతుంది.

ఇక మెకానిక్ మాట నిజమయ్యే సందర్భాలు కూడా చెప్పాలి. నిలువు గీతలు పడి అలాగే ఉండిపోతే, తెర సగం ఒక రంగు సగం ఒక రంగుగా ఉంటే, సిరా ఒలికినట్టు నల్లగా పాకితే ప్యానెల్‌నే అనుమానించాలి. టార్చిలో ఏమీ కనిపించకపోతే మాత్రం అది బోర్డు తప్పూ కావచ్చు, ప్యానెల్ తప్పూ కావచ్చు, విప్పి చూస్తేగాని తేలదు. అది నిజంగా ప్యానెలే అని తేలి, 16 వేలు పెట్టాలంటే నేనూ కొత్తదే కొనమంటాను. నాలుగేళ్ళ టీవీకి అంత ఖర్చు దండగ.

ఇక్కడే ఒక మాట. తెర తుడిచేటప్పుడు చాలామంది గాజు మీదే క్లీనర్ స్ప్రే కొడతారు. ఆ నీళ్ళు జారి కింది అంచులో దిగుతాయి. చాలా టీవీల్లో ఆ అంచులోనే గాజుకు అతికించిన సన్నటి రిబ్బన్లుంటాయి. గీతలు పడటానికి ఇదొక పెద్ద కారణం. మెత్తటి పొడి గుడ్డ చాలు. జిడ్డు వదలకపోతే గుడ్డకు కాస్త తడి చేసుకోండి, తెరకు కాదు. ఇంకోటి, వీడియోలు చూసి మీ మరిది టీవీ వెనక మూత విప్పుతానంటే విప్పనివ్వకండి. ప్లగ్గు పీకేసినా లోపల పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్లలో మనిషిని విసిరికొట్టేంత కరెంటు కొంతసేపు నిలవ ఉంటుంది.

స్టెబిలైజర్ విషయంలోనూ ఆయన మాట సగమే నిజం. టీవీ వెనక స్టిక్కర్ చూడండి. చాలా వాటి మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. అంటే వోల్టేజీ 170కి పడిపోయినా టీవీకి బాధ లేదు. పాత డబ్బా టీవీల రోజుల్లో స్టెబిలైజర్ అవసరం వేరు. ఇప్పటి టీవీలకు శత్రువు తక్కువ వోల్టేజీ కాదు, కరెంటు పోయి వచ్చేటప్పుడు ఒక్కసారిగా వచ్చే పోటు, ఉరుములతో వచ్చే పిడుగు. మబ్బు పట్టి ఉరుముతుంటే ప్లగ్గు పీకండి, బాక్సు ప్లగ్గు కూడా పీకి డిష్ వైరు విప్పి పక్కన పెట్టండి. ప్లగ్గు పీకి డిష్ వైరు వదిలేస్తే లాభం లేదు, అది మేడ మీద ఆరుబయట ఉన్న ఇనుప గొడుగు నుంచి తిన్నగా మీ టీవీ దాకా వచ్చే దారి.

ఆ దారి మాట వచ్చింది కాబట్టి గళ్ళ సంగతికి వద్దాం.

గళ్ళు పడటం టీవీ తప్పా, డిష్ తప్పా అన్నది తెర వెలగకపోయినా చెవులతోనే తేల్చుకోవచ్చు. ఇంట్లో వైఫై ఉంటే ఫోన్లో యూట్యూబ్ తెరిచి ఒక పాటను టీవీకి కాస్ట్ చేయండి, అంటే ఫోన్లోని పాట టీవీలో వచ్చేలా పెట్టండి. ఓ పావుగంట వినండి. పాట ఎక్కడా తెగకుండా వచ్చి, బాక్సులోంచి వచ్చే ఛానెళ్ళు మాత్రం తెగుతుంటే టీవీని వదిలేయండి, తప్పు డిష్ నుంచి బాక్సు దాకా ఎక్కడో ఉంది. బాక్సుకీ టీవీకీ మధ్య ఉన్న హెచ్‌డీఎంఐ వైరు వదులైనా అప్పుడప్పుడు తెర మెరవడం, బొమ్మ పోయి రావడం ఉంటుంది గాని, గళ్ళు గళ్ళుగా విడిపోవడం ఎక్కువగా డిష్ సిగ్నల్ చలవే.

వాన గట్టిగా పడుతున్నప్పుడు గళ్ళు పడటం రోగం కాదు. డిష్‌కు వచ్చే తరంగాలు భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి వస్తాయి. అవి కేయూ బ్యాండ్ అనే రకం, వాన చినుకులు వాటిని మింగేస్తాయి. జోరు తగ్గగానే బొమ్మ వచ్చేయాలి. అలాగే మార్చిలోనూ, సెప్టెంబరు అక్టోబరు మధ్యనూ కొన్ని రోజుల పాటు పగటి పూట కాసేపు సిగ్నల్ పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలబడటం వల్ల. దానికి మెకానిక్ అక్కర్లేదు. కానీ ఎండ కాస్తున్నా గళ్ళు పడుతున్నాయంటే మాత్రం ఎక్కడో నీళ్ళు దిగాయి, లేదా డిష్ కదిలింది, లేదా చెట్టు అడ్డం వచ్చింది.

కొన్ని ఛానెళ్ళలోనే అన్నారు చూడండి, అది మంచి ఆనవాలు. ఛానెళ్ళన్నీ ఒకే గుంపుగా రావు, వేర్వేరు గుంపులుగా వస్తాయి. డిష్ ముందు కొమ్మ చివర ఉండే చిన్న డబ్బా, దాన్ని ఎల్ఎన్‌బీ అంటారు, దానికి కరెంటు ఇదే వైరులోంచి బాక్సే పంపుతుంది. ఒక రకం గుంపులకు 13 వోల్టులు, ఇంకో రకానికి 18 వోల్టులు. వైరు చెడి మధ్యలో వోల్టేజీ పడిపోతే ఒక రకం గుంపులు బాగానే వచ్చి రెండో రకం చచ్చిపోతాయి. ఏ నంబరు ఛానెళ్ళు తెగుతున్నాయో, ఏవి బాగున్నాయో ఒక కాగితం మీద రాసి పెట్టండి. కంపెనీ మనిషికి 'బొమ్మ సరిగా రావట్లేదు' అని చెప్పడం కన్నా ఆ కాగితం చేతికివ్వడం వెయ్యి రెట్లు మేలు. మీ వీధిలో అదే కంపెనీ డిష్ ఉన్నవాళ్ళని కూడా అడగండి. వాళ్ళకీ అవే ఛానెళ్ళు తెగుతుంటే లోపం మీ ఇంట్లో లేదు.

మీరు చేయగలిగింది ఒకటుంది. బాక్సు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, వెనక మర తిప్పి బిగించిన డిష్ వైరు విప్పండి. ఆపకుండా మాత్రం విప్పకండి, ఆ వైరులో కరెంటు ఉంటుంది, కొస తగిలి బాక్సు పాడవుతుంది. విప్పాక కొస వెలుతురులో పెట్టి చూడండి. మధ్యలో రాగి తీగ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి వచ్చి, నిటారుగా, తళతళలాడుతూ ఉండాలి. పచ్చగా చిలుము పట్టినా, నల్లబడినా వైరులోకి నీళ్ళు దిగాయనే. చుట్టూ అల్లిన సన్నటి తీగల్లో ఒక్క పోగు వచ్చి మధ్య తీగకు తగులుతున్నా సిగ్నల్ పోతుంది. చిలుము పట్టిన కొసను గీకి మళ్ళీ పెట్టడం రెండు రోజుల ముచ్చట. అంత మేర కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించాలి. లోపల అల్లిక కూడా నల్లబడి ఉంటే వైరు మొత్తం మార్పించాలి.

బాక్సు దగ్గర చిలుము ఉందంటే మేడ మీద ఇంకా ఎక్కువ ఉంటుంది, నీళ్ళు దిగేది అక్కడి నుంచే. ఎల్ఎన్‌బీ దగ్గర కనెక్టర్ మీద రబ్బరు తొడుగు ఉందా, వైరు లోపలికి వచ్చే ముందు కిందికి ఒక వంపు తిరిగి ఉందా అని చూడమనండి. వంపు ఉంటే వాన నీరు అక్కడే కారిపోతుంది. లేకపోతే వైరు పట్టుకుని తిన్నగా ఇంట్లోకి వస్తుంది. మధ్యలో ఎక్కడైనా వైరు తెగితే మెలేసి నల్ల టేపు చుట్టి ఉంటారు. ఆ అతుకు మొత్తం తీసేయించండి. ఎల్ఎన్‌బీ ముందు మూత పగిలితే కందిరీగలు గూడు పెట్టడం కూడా మామూలే.

మీ వైపు కోతుల బెడద ఉండనే ఉంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు చాలా సన్నం, రెండు డిగ్రీలు పక్కకు జరిగినా మంచి ఎండలో కూడా అంచుల మీద నడుస్తుంటుంది, చినుకు పడగానే పోతుంది. కోతి ఒకసారి పట్టుకుని ఊగితే చాలు. బిగించిన నట్లు వదులయ్యాయేమో చేత్తో కదిపి చూడమనండి. చెట్టు సంగతి చూసేటప్పుడు ఒక కిటుకు తెలిసి ఉండాలి. మన దగ్గర డిష్‌లు దక్షిణానికీ తూర్పుకీ మధ్య చూస్తుంటాయి. కానీ గొడుగు ఎంత ఎత్తుకు చూస్తున్నట్టు మనకు కనిపిస్తుందో నిజంగా దాని చూపు అంతకన్నా బాగా పైకి ఉంటుంది, దాని తయారీయే అలాంటిది. కాబట్టి ఎదురుగా ఏమీ లేదు కదా అనుకోకండి. పై నుంచి వాలిన వేప కొమ్మో, కొబ్బరి మట్టో అడ్డం వస్తుంటుంది. వానాకాలంలో కొమ్మలు ఏపుగా పెరుగుతాయి, తడిసిన ఆకు ఎండిన ఆకు కన్నా ఎక్కువ అడ్డుకుంటుంది. మీకు జూన్ తర్వాతే మొదలవడానికి ఇదీ కారణం కావచ్చు.

డిష్ తిప్పే పని మాత్రం మీరు పెట్టుకోకండి, తడి మేడ మీదికి ఎవర్నీ ఎక్కనివ్వకండి. కంపెనీకి ఫోన్ చేసి విజిట్ చార్జీ ఎంతో ముందే అడిగి పిలవండి. వచ్చిన అబ్బాయి పైన తిప్పుతున్నప్పుడు కింద ఒకరు బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరిచి ఉండాలి. అందులో రెండు అంకెలుంటాయి, స్ట్రెంగ్త్, క్వాలిటీ. చూడాల్సింది క్వాలిటీ. స్ట్రెంగ్త్ ఎక్కువగా ఉండి క్వాలిటీ తక్కువగా ఉంటే డిష్ చూపు తప్పిందని తరచు అర్థం. మీరు రాసి పెట్టుకున్న ఛానెళ్ళన్నీ పెట్టించి చూశాకే సంతకం పెట్టండి. ఏదో ఒక ఛానెల్ పెట్టి 'వస్తోంది కదమ్మా' అని వెళ్ళిపోనివ్వకండి. టీవీ బాగై వచ్చిన తర్వాత పిలిస్తే ఈ పేజీ చూడటం కుదురుతుంది. అంతదాకా ఆగలేకపోతే ఎవరిదైనా కంప్యూటర్ మానిటర్‌కు హెచ్‌డీఎంఐ ఉంటే బాక్సు దానికి తగిలించి చూడవచ్చు.

మామయ్యగారి ఇబ్బంది మీ ఒక్కరింటిది కాదు. సినిమా శబ్దం థియేటర్ కోసం కలుపుతారు. మాటకు ఎదురుగా ఒక స్పీకరు, సంగీతానికీ హోరుకీ పక్కలా వెనకా వేరే స్పీకర్లు. దీన్నే 5.1 అంటారు. మన టీవీలో ఉన్నవి రెండే, అవి కూడా తెర సన్నబడ్డాక ముందుకు చూసే చోటు లేక కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. ఆరు దారుల శబ్దం ఆ రెండింట్లో కుక్కేసరికి మాట అడుగున పడుతుంది, డప్పు పైకి తేలుతుంది. మీరు సౌండు పెంచితే రెండూ పెరుగుతాయి.

ముందు బాక్సు సెట్టింగుల్లో ఆడియో దగ్గర డాల్బీ అని ఉంటే స్టీరియోకో పీసీఎమ్‌కో మార్చండి. ఓటీటీ యాప్‌లో ఆడియో భాష ఎంచుకునే చోట 5.1 అని రాసి ఉన్న తెలుగు కాకుండా ఉత్త తెలుగు ఉంటే అది పెట్టండి. టీవీలో సౌండ్ మోడ్ 'మూవీ'లోనో 'మ్యూజిక్'లోనో ఉంటే తీసేసి 'క్లియర్ వాయిస్'కు మార్చండి. కొన్నిట్లో దాని పేరు 'స్పీచ్', కొన్నిట్లో 'న్యూస్'. సరౌండ్ ఆపేయండి. బాస్ బాగా తగ్గించి ట్రెబుల్ కొద్దిగా పెంచండి. ఆటో వాల్యూమ్, నైట్ మోడ్ లాంటిది ఏదైనా ఉంటే వేయండి, ఫైటు వచ్చినప్పుడు అదే తగ్గించి, గుసగుస వచ్చినప్పుడు అదే పెంచుతుంది. అమ్మాయి చదువుకు కూడా దీంతోనే కొంత ఊరట. టీవీ కింద బల్ల మీద లేసు గుడ్డో, మందపాటి టవలో పరిచి ఉంటే తీసేయండి. కిందికి చూసే స్పీకర్ల శబ్దం బల్ల తాకి మన వైపు రావాలి, గుడ్డ ఆ మాటలోని పదునంతా తాగేస్తుంది. టీవీని షోకేసు గూట్లో పెట్టినా మాట గూట్లోనే తిరుగుతుంది, వీలైనంత ముందు అంచుకు జరపండి.

ఇవన్నీ చేశాక ఒక వారం చూడండి. అప్పటికీ చాలకపోతే సౌండ్‌బార్ తీసుకోండి, కానీ దేనికోసం కొంటున్నారో మీ వారితో ముందే తేల్చుకోండి. గుడుగుడుమని అదిరే పెద్ద సబ్‌ఊఫర్ ఉన్నది చూసి షోరూములో ముచ్చటపడతారు. మీ ఇంట్లో ఆ అదురే సమస్య. మాట కోసమైతే మధ్యలో విడిగా సెంటర్ స్పీకరు ఉన్నది కావాలి, డబ్బా మీద 3.1 అనో 5.1 అనో ఉంటుంది. 2.1 అంటే సెంటర్ లేదని. బ్లూటూత్‌తో కాకుండా హెచ్‌డీఎంఐ వైరుతో కలపండి, టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసి ఉన్న చోటే పెట్టాలి. బ్లూటూత్ అయితే పెదవులు ముందు, మాట వెనక పడే అవకాశం ఎక్కువ.

కొత్త టీవీయే కొనాల్సి వస్తే, పెన్‌డ్రైవ్‌లో సినిమాలు చూసే అలవాటుందేమో గుర్తు చేసుకోండి. శాంసంగ్ 2018 నుంచి తన టీవీల్లో డీటీఎస్ అనే రకం శబ్దానికి సపోర్టు తీసేసింది, మరికొన్ని కంపెనీల మోడళ్ళలోనూ అది ఉండదు. అలాంటి ఫైలు వేస్తే బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. టీవీ పాడైందని మళ్ళీ కంగారు పడకూడదని చెబుతున్నాను. మీ దగ్గరున్న పెన్‌డ్రైవ్ షాపుకు పట్టుకెళ్ళి పెట్టించి చూసి కొనండి.

మామయ్యగారి గురించి ఇంకొక్కటి గమనించండి. ఆయనకు టీవీలో మాత్రమే మాటలు తెలియట్లేదా, ఫోన్లోనూ, ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడేటప్పుడూ తెలియట్లేదా? వయసుతో ముందు తగ్గేది స, చ, త లాంటి సన్నటి శబ్దాలు వినే శక్తి. గొంతు వినపడుతుంది, మాట అర్థం కాదు. అలా ఉంటే ఏ సౌండ్‌బారూ సగం పనే చేస్తుంది, చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించండి. పెద్దవాళ్ళు చెవుడంటే ఒప్పుకోరు కాబట్టి బీపీ చూపించుకోవడానికి పట్నం వెళ్ళిన రోజే ఆ పని కూడా కలిపి పెట్టుకోండి.